దాహం వేసినా చెప్పని బ్యాటరీ

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్ళు మొదటి ఏడాదిలోనే నేర్చుకునే కొత్త మాటల్లో "సంప్ పంపు" ఒకటి. హైదరాబాదులో సంపు అంటే మునిసిపాలిటీ నీళ్ళు నిలవ చేసుకునే నేలకింద తొట్టి. అది నిండితే ఇంటిల్లిపాదికీ సంతోషం. ఇక్కడ న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఇల్లినాయ్, మిషిగన్ లాంటి చోట్ల సంపు అంటే బేస్‌మెంటులో ఒక మూలన ఉండే గొయ్యి. పునాది చుట్టూ ఊరే నీళ్ళన్నీ దాంట్లోకి చేరతాయి. అది నిండకముందే పంపు ఆ నీళ్ళని బయటికి తోడెయ్యాలి. ఇక్కడ సంపు నిండిందంటే కంగారే.

ఆ పంపు కరెంటు మీద నడుస్తుంది. కరెంటు పోయేదేమో సరిగ్గా గాలివాన రాత్రి, అంటే పంపుతో అవసరం పడ్డ రాత్రి. అందుకని చాలా ఇళ్ళలో మొదటి పంపు పక్కనే బ్యాటరీ మీద నడిచే రెండో పంపు ఒకటి పెట్టిస్తారు. ఈ వ్యాసం ఆ బ్యాటరీ గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, దాంట్లో మనం పోయవలసిన నీళ్ళ గురించి.

బ్యాటరీలో నీళ్ళు పోయడానికి ఒక వ్యాసం కావాలా అని నవ్వుకోకండి. ఈ పనికి పావుగంట పడుతుంది, ఒకటి రెండు డాలర్ల ఖర్చు. ఐనా నాకు తెలిసిన ఇళ్ళలో ఎక్కువమంది దీన్ని ఒక్కసారి కూడా చెయ్యలేదు. కారణం బద్ధకం కాదు. చెయ్యాలని ఎవరూ చెప్పకపోవడం, బ్యాటరీ తనంతట తాను చెప్పకపోవడం.

ఏ బ్యాటరీకి నీళ్ళు కావాలి?

అన్నిటికీ అక్కరలేదు. కార్లలో వాడేవి చాలావరకు 1970ల తరవాత "మెయింటెనెన్స్ ఫ్రీ" రకాలుగా మారిపోయాయి. ఏ.జి.ఎం., జెల్ అని రాసి ఉన్నవి పూర్తిగా మూసేసిన రకాలు. వాటి మూత తియ్యడానికి ప్రయత్నించకూడదు. లిథియం బ్యాటరీలకి నీళ్ళ ప్రసక్తే లేదు.

పైన ఆరు బిరడాలు గాని, మూడేసి రంధ్రాలని మూసే రెండు పొడుగాటి మూతలు గాని ఉండి, అవి చేత్తో ఊడి వచ్చేటట్లుంటే అది నీళ్ళు అడిగే బ్యాటరీ. బేస్‌మెంటు పంపుల దగ్గర, గోల్ఫ్ కార్టుల్లో, ఆర్.వి.ల్లో, పడవల్లో, ఊరికి దూరంగా సోలార్ పలకలతో నడిచే ఇళ్ళలో ఇవి ఉంటాయి. అట్లాంటా దగ్గర పీచ్‌ట్రీ సిటీలో, ఫ్లోరిడాలో ద విలేజెస్‌లో జనం కూరగాయలకి కూడా గోల్ఫ్ కార్టులోనే వెళ్తారు. అలాంటి ఊళ్ళో మన తెలుగు కుటుంబాలుంటే వాళ్ళకీ ఈ సంగతి పనికొస్తుంది.

నీళ్ళు ఎక్కడికి పోతాయి?

గాస్టాన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1859లో ఈ బ్యాటరీని తయారుచేశాడు. మూలసూత్రం ఇప్పటికీ అదే. ఒక పక్క మెత్తటి సీసం పలకలు, రెండో పక్క లెడ్ డయాక్సైడ్ పలకలు, మధ్య నీళ్ళలో కలిపిన గంధకామ్లం. ఇది ఒక సెల్లు. ఒక్కొక్క సెల్లు రెండు వోల్టుల పైచిలుకు ఇస్తుంది. ఆరు సెల్లులు వరసగా కలిపితే 12 వోల్టుల బ్యాటరీ.

కరెంటు వాడుకుంటున్నప్పుడు ఆమ్లం పలకల్లోకి చేరి లెడ్ సల్ఫేట్‌గా మారుతుంది. చార్జి చేస్తున్నప్పుడు ఆ ఆమ్లం మళ్ళీ ద్రవంలోకి తిరిగొస్తుంది. ఈ రాకపోకల్లో ఆమ్లం దాదాపు తరగదు. తరిగేది నీళ్ళు. పలకలు పూర్తిగా చార్జి అయిపోయాక కూడా చార్జరు ఇంకా కరెంటు తోస్తూ ఉంటే, ఆ కరెంటుకి చెయ్యడానికి వేరే పని ఉండదు. అది నీళ్ళని హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. రెండు వాయువులూ బిరడా రంధ్రాల్లోంచి బయటికి పోతాయి.

ఎంత పోతుందో మనం లెక్క కట్టొచ్చు. ఫారడే నియమం ప్రకారం, అదనంగా తోసిన ప్రతి ఆంపియర్-గంటకీ ఒక్కొక్క సెల్లులో 0.336 గ్రాముల నీళ్ళు విడిపోతాయి. బేస్‌మెంటు బ్యాటరీకి చార్జరు రాత్రీ పగలూ తగిలించే ఉంటుంది. అది అదనంగా ఒక ఆంపియరులో పదో వంతు తోస్తోందనుకుందాం. నెలకి 72 ఆంపియర్-గంటలు. అంటే సెల్లుకి 24 గ్రాములు. మూడు నెలలకి సెల్లుకి 70 గ్రాముల పైన, ఆరు సెల్లులకీ కలిపి సుమారు 430 గ్రాములు. ఎవరూ వాడకుండా, ఎక్కడా కారకుండా, మూల కూర్చున్న బ్యాటరీలోంచి దాదాపు అర లీటరు నీళ్ళు మాయమన్నమాట. వేడి ఎక్కువైతే ఈ నష్టం ఇంకా పెరుగుతుంది. అందుకే న్యూజెర్సీ బేస్‌మెంటులో కంటే ఆరిజోనా గరాజులో ఉన్న గోల్ఫ్ కార్టుకి ఎక్కువ నీళ్ళు కావాలి.

మరి కారు బ్యాటరీకి ఈ బాధ ఎందుకు లేదు? సీసం మెత్తటి లోహం. పలకల చట్రం గట్టిపడడానికి దాంట్లో కొద్దిగా అంటిమొనీ కలిపేవారు. ఈ అంటిమొనీ కొద్దికొద్దిగా కరిగి రుణ పలక మీదికి చేరి, నీళ్ళు విడిపోవడాన్ని సులువు చేస్తుంది. బ్యాటరీ పాతబడ్డ కొద్దీ దాహం పెరిగేది ఇందుకే. 1935 ప్రాంతంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజి బ్యాటరీల కోసం బెల్ లాబ్స్‌వాళ్ళు అంటిమొనీ బదులు కాల్షియం కలిపి చూశారు. నీళ్ళ నష్టం బాగా తగ్గింది. తరవాత కార్ల బ్యాటరీలు ఆ దారినే పోయాయి. కాని పూర్తిగా వాడి, మళ్ళీ నింపి, మళ్ళీ వాడే పనికి అంటిమొనీ పలకలే ఎక్కువ ఓర్చుకుంటాయి. గోల్ఫ్ కార్టుల్లాంటి చోట్ల అవి మిగిలిపోయింది అందుకే.

మీటరు ఎందుకు మోసం చేస్తుంది?

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకుంటామంటే ఈ భాగం గుర్తుంచుకోండి.

2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుఫాను తాలూకు వాన మధ్య న్యూజెర్సీ మీద, న్యూయార్కు మీద విరుచుకుపడింది. న్యూయార్కు సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో 3.15 అంగుళాలు కురిసింది. మా ఎదురింటి మిత్రుడి ఇంట్లో కరెంటు పోయింది. బ్యాటరీ పంపు మొదలై, కొద్ది నిమిషాలు తిరిగి, ఆగిపోయింది. తెల్లారేసరికి బేస్‌మెంటులో మోకాలి లోతు నీళ్ళు. కార్పెట్టు, ట్రెడ్‌మిల్లు పోతే పోయాయి. మెట్ల కింద అట్టపెట్టెల్లో ఉన్న బొమ్మల కొలువు బొమ్మలు, వాళ్ళ అమ్మగారు ఏటా కొన్ని చొప్పున పంపిన కొండపల్లి కొయ్యబొమ్మలు, రంగు వెలిసి, ఉబ్బి, పగిలిపోయాయి. ఇన్సూరెన్సువాళ్ళు పైసా ఇవ్వలేదు. మామూలు ఇంటి పాలసీలో సంపు పొంగితే వచ్చే నష్టం చేరదు. దానికి విడిగా "వాటర్ బ్యాకప్" అనే అనుబంధం తీసుకోవాలి. మీ పాలసీలో అది ఉందో లేదో ఈ వారమే చూసుకోండి.

ఆ మిత్రుడు అశ్రద్ధ మనిషి కాదు. అంతకు ముందు వారమే మల్టీమీటరు పెట్టి చూశాడట. 12.9 వోల్టులు. చార్జరు మీద పచ్చ దీపం. ఇంకేం కావాలి? వాన వెలిసాక ఇద్దరం బిరడాలు తీసి టార్చిలైటు వేసి చూశాం. ఆరు సెల్లుల్లోనూ పలకలు సగం దాకా పొడిగా ఉన్నాయి.

మరి అంతకు ముందు మీటరు అంత బాగా ఎందుకు చూపించింది? సెల్లు వోల్టేజి ఆమ్లం చిక్కదనాన్ని బట్టి ఉంటుంది. ఆమ్లం సాపేక్ష సాంద్రతకి 0.84 కలిపితే ఇంచుమించు వోల్టేజి వస్తుంది. పూర్తిగా చార్జి అయిన బ్యాటరీలో సాంద్రత 1.265 ఉంటే, సెల్లుకి 2.105, ఆరింటికి 12.63 వోల్టులు. ఇప్పుడు నీళ్ళు ఎగిరిపోయి ఆమ్లం మిగిలిందనుకోండి, పులుసు మరిగి చిక్కబడ్డట్టు ద్రవం చిక్కబడుతుంది. సాంద్రత 1.32కి పెరిగితే లెక్కకి 12.96 వోల్టులు. అంటే నీళ్ళు తగ్గిన బ్యాటరీ మీటరు మీద మరింత ఆరోగ్యంగా కనిపిస్తుంది. హైడ్రోమీటరు పెట్టినా అదే మోసం. లోపల మాత్రం గాలి తగిలిన పలకలు పనికిరాకుండా పోతుంటాయి, మునిగి ఉన్న భాగాన్ని చిక్కటి ఆమ్లం తినేస్తుంటుంది. వోల్టేజి ఉంటుంది, సత్తువ ఉండదు.

కాబట్టి మీటరుని కాదు, కళ్ళని నమ్మాలి. మూత తీసి చూడడం ఒక పరీక్ష. రెండోది, పంపుల ప్లగ్గు తీసేసి, గోతిలో రెండు బకెట్ల నీళ్ళు పోసి, బ్యాటరీ పంపు ఎలా తోడుతోందో చూడడం. ఎండగా ఉన్న రోజు చేసే ఈ పని వాన రాత్రి కాపాడుతుంది.

ఏ నీళ్ళు?

డిస్టిల్డ్ వాటర్, అంటే స్వేదన జలం. కిరాణా దుకాణాల్లో, వాల్‌మార్టులో గ్యాలను డబ్బాల్లో దొరుకుతుంది. డబ్బా మీద "డిస్టిల్డ్" అన్న మాట స్పష్టంగా ఉండాలి. "స్ప్రింగ్ వాటర్"లో ఖనిజాలుంటాయి. "ప్యూరిఫైడ్ డ్రింకింగ్ వాటర్" అన్నదాంట్లో రుచి కోసం ఖనిజాలు కలిపి ఉండొచ్చు. కుళాయి నీళ్ళలో ఉండే ఇనుము, క్లోరైడు పలకలకి పడవు. ఇవి ఒకసారి లోపలికి వెళ్తే మళ్ళీ బయటికి రావు. నీళ్ళు మాత్రమే ఎగిరిపోతాయి, ఇవి పోగుపడుతూ ఉంటాయి.

ఏ.సి.లోంచి కారే నీళ్ళు స్వేదన జలమే కదా అని మనవాళ్ళు చాలామంది పట్టి దాచుకుంటారు. పుట్టుకలో నిజమే, అది ఆవిరి చల్లబడి వచ్చిన నీరు. కాని కాయిల్ మీద దుమ్మునీ, లోహపు పొట్టునీ కడుక్కుంటూ వస్తుంది. ఒకటి రెండు డాలర్లు మిగుల్చుకోవడానికి బ్యాటరీని పాడుచేసుకోవడం అనవసరం.

యాసిడ్ మాత్రం ఎప్పుడూ పోయకండి. పోయింది నీళ్ళే, కాబట్టి తిరిగి పోయవలసిందీ నీళ్ళే.

ఎలా పోయాలి?

1. కళ్ళద్దాలు, రబ్బరు గ్లోవ్స్ వేసుకోండి. చేతికి ఉంగరం, కడియం, గాజులు, వాచీ ఉంటే తీసెయ్యండి. రెండు టెర్మినల్స్ మధ్య లోహం తగిలితే మంట పుడుతుంది. పక్కన కాసిని నీళ్ళలో బేకింగ్ సోడా కలిపి ఉంచుకోండి. ఆమ్లం నేల మీద ఒలికితే అది విరుగుడు. కంట్లో పడితే మాత్రం మామూలు నీళ్ళతో కనీసం పావుగంట కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

2. చార్జరు ప్లగ్గు తియ్యండి. దగ్గరలో దీపం, అగరొత్తి, సిగరెట్టు, నిప్పురవ్వ ఏదీ ఉండకూడదు.

3. బ్యాటరీ పైభాగం తడిగుడ్డతో తుడిచి అప్పుడు మూతలు తియ్యండి. లేకపోతే పైనున్న మట్టి లోపల పడుతుంది.

4. టార్చి వేసి చూడండి. రంధ్రం నుంచి కిందికి ఒక ప్లాస్టిక్ మెడ దిగి ఉంటుంది. ఆ మెడ చివరికి అంగుళంలో ఎనిమిదో వంతు కిందదాకా నీళ్ళుండాలి. నిండా పోయకూడదు. చార్జి చేసేటప్పుడు ద్రవం వ్యాకోచించి, బుడగలతో పొంగి, ఆమ్లం బయటికి పొర్లుతుంది.

5. పలకలు మునిగే ఉంటే, ముందు పూర్తిగా చార్జి చేసి, తరవాత ఈ మట్టం దాకా పోయండి. పలకలు బయటపడి ఉంటే, ముందు అవి మునిగేటంత మాత్రం పోసి, చార్జి చేసి, అప్పుడు మిగిలింది పోయండి.

6. ప్లాస్టిక్ గరాటు వాడండి, ఇనుప గరాటు వద్దు. మూతలు గట్టిగా బిగించాకే చార్జరు పెట్టండి. చివర్లో చేతులు సబ్బుతో కడుక్కోండి, అది సీసం.

చలి ప్రాంతాలవాళ్ళకి ఇంకొక మాట. పూర్తిగా చార్జి ఉన్న బ్యాటరీ మిన్నెసోటా చలికి కూడా గడ్డకట్టదు. చార్జి అయిపోయినది 20 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరే గడ్డకట్టి పగలొచ్చు. గరాజులో ఉన్న బ్యాటరీకి గడ్డకట్టే చలిలో నీళ్ళు పోసి వదిలెయ్యకండి. కొత్త నీళ్ళు పైన తేలి ముందు అవే గడ్డకడతాయి. చార్జి చేస్తే కలిసిపోతాయి.

నీళ్ళ లెక్క చెప్పే జబ్బులు

నేను బ్యాటరీ పక్కన గోడకి ఒక కాగితం అంటించి, ఏ తేదీన ఏ సెల్లుకి ఎన్ని చెంచాలు పట్టిందో రాస్తాను. ఇది బ్యాటరీకి రక్తపరీక్ష లాంటిది. ఆరు సెల్లులూ సమానంగా, ఎప్పటిలాగే తాగితే ఆరోగ్యం బాగున్నట్టు. ఆరూ హఠాత్తుగా ఎక్కువ తాగుతుంటే చార్జరు ఎక్కువ తోస్తున్నట్టు, లేదా బ్యాటరీ ముసలిదైనట్టు. ఒక్కటే అసలు తాగకుండా మిగతా అయిదూ తెగ తాగుతుంటే, ఆ తాగని సెల్లు లోపల షార్టయి ఉండొచ్చు. దాని వాటా వోల్టేజి మిగతావాటి మీద పడుతోందన్నమాట. ఒక్కటే మరీ ఎక్కువ తాగుతుంటే డబ్బాకి బీట ఉందేమో చూడండి. అసలు ఎవరికీ దాహం లేకపోతే చార్జరు పనిచేస్తోందో లేదో చూసుకోండి.

అలారం మోగితే

బయటికి వచ్చే హైడ్రోజన్ గాలిలో 4 శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వకి కూడా పేలుతుంది. అందుకే బ్యాటరీ ఉన్న మూలని బీరువాలా మూసెయ్యకూడదు. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు: ఇళ్ళలో పెట్టుకునే కార్బన్ మోనాక్సైడ్ అలారాలు హైడ్రోజన్‌కి కూడా మోగుతాయి. అతిగా చార్జి అవుతున్న బ్యాటరీ వల్ల అర్ధరాత్రి ఆ అలారం మోగడం జరిగే పనే. ఐతే "ఆఁ, బ్యాటరీయే అయ్యుంటుంది" అని మళ్ళీ పడుకోకండి. పిల్లాపాపలతో బయటికి వచ్చి, ఫైర్ డిపార్టుమెంటుని పిలవండి. వాళ్ళు వచ్చినప్పుడు బేస్‌మెంటులో బ్యాటరీ ఉందని చెప్పండి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తున్నా అంతే, అది బ్యాటరీ కావచ్చు, వంటగ్యాసూ కావచ్చు. తేల్చుకోవలసింది మనం కాదు.

ఊళ్ళో అమ్మానాన్నల ఇన్వర్టరు

ఈ కథంతా ఇంకొక చోట ఇంకా ముఖ్యం. గుంటూరులోనో, కరీంనగరులోనో, అమ్మానాన్నల ఇంట్లో మెట్ల కింద ఇన్వర్టరు బ్యాటరీ ఉంటుంది. ఎండాకాలం కరెంటు పోతే ఫ్యానూ, దీపమూ, కొందరిళ్ళలో నెబ్యులైజరూ దాని మీదే ఆధారం. అక్కడి వేడికి నీళ్ళు తొందరగా తగ్గుతాయి. పెద్దవాళ్ళు వంగి చూడలేరు. ఆ ట్యూబ్యులర్ బ్యాటరీని ఇవతలికి జరపడం వాళ్ళ వల్ల కాదు, జరపమనకూడదు కూడా.

చాలా ఇన్వర్టరు బ్యాటరీల మీద ప్రతి సెల్లుకీ తేలే సూచిక ఒకటి ఉంటుంది. వీడియో కాల్ చేసినప్పుడు "నాన్నగారూ, ఒక్కసారి ఫోను బ్యాటరీ వైపు తిప్పండి" అని అడిగితే ఇక్కడినుంచే చూడొచ్చు. దిగిపోతే బ్యాటరీ షాపు కుర్రాణ్ణి పిలిపించి, స్వేదన జలమే పోయించండి. "యాసిడ్ పోస్తే మళ్ళీ పుంజుకుంటుందండీ" అంటే ఒప్పుకోవద్దని ముందే చెప్పండి. ఆర్.ఓ. యంత్రం నీళ్ళు తాగడానికి బాగుంటాయి గాని వాటిలోనూ కొంత ఉప్పు మిగులుతుంది. ఇంకొకటి, బ్యాటరీ పక్కన దేవుడి దీపం, గ్యాసు సిలిండరు ఉంటే మార్పించండి.

నీళ్ళు అడగని రకం

మూసేసిన బ్యాటరీల్లో పుట్టిన ఆక్సిజన్‌ని బయటికి పోనివ్వకుండా రుణ పలక దగ్గరికి పంపి మళ్ళీ నీళ్ళుగా మారుస్తారు. ఈ రకాన్ని భారతదేశంలో పెద్ద ఎత్తున చేసినవాళ్ళలో ముందువరసలో ఉన్నది మనవాళ్ళే. చిత్తూరు జిల్లాకి చెందిన గల్లా రామచంద్ర నాయుడు గారు అమెరికాలో చదువుకుని, ఉద్యోగం చేసి, తిరిగి వెళ్ళి 1985లో అమరరాజా బ్యాటరీస్ స్థాపించారు. తిరుపతి పక్కన కరకంబాడిలో తయారైన బ్యాటరీలు టెలికామ్‌కీ, రైల్వేలకీ వెళ్ళాయి. ఆ కంపెనీ 2023లో అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీ అని పేరు మార్చుకుంది.

మరి మనమూ మూసేసినదే కొనుక్కోవచ్చు కదా అంటే, కొనుక్కోవచ్చు. ధర ఎక్కువ. చార్జరు దానికి సరిపడేది కావాలి. నీళ్ళు పోసే పని తప్పుతుంది గాని పరీక్షించే పని తప్పదు, కొన్నేళ్ళకి మార్చే పనీ తప్పదు. పాతదాన్ని చెత్తలో వెయ్యకుండా కొన్న షాపుకే తిరిగి ఇచ్చెయ్యండి. కొన్నప్పుడు కట్టిన "కోర్" డిపాజిట్టు వెనక్కి వస్తుంది, సీసం మళ్ళీ వాడకంలోకి వస్తుంది.

ఎప్పుడెప్పుడు చూడాలంటే, మామూలు చోట మూడు నెలలకొకసారి, వేడి ప్రాంతాల్లో నెలకొకసారి. మా ఇంట్లో మరిచిపోకుండా నాలుగు రోజులు పెట్టుకున్నాం: సంక్రాంతి, ఉగాది, జులై 4, దసరా. ఆయుధపూజ నాడు కారుకి బొట్టు పెట్టి నిమ్మకాయలు తొక్కిస్తాం కదా, ఆ రోజు ఒక గ్యాలను డబ్బా, ఒక టార్చిలైటు తీసుకుని బేస్‌మెంటులోకి కూడా దిగండి.